మిల్లీగ్రాముల చీటీ.. మిల్లీలీటర్ల సీసా

మందు మోతాదును వైద్యులు మిల్లీగ్రాముల్లో నిర్ణయిస్తారు. మందు మాత్రం సిరప్‌గానో, ఇంజెక్షన్‌గానో, సెలైన్‌లో కలిపిన ద్రవంగానో చేతికొస్తుంది. దాన్ని కొలిచేది మిల్లీలీటర్లలో, చుక్కల్లో, సిరంజి మీది గీతల్లో. మిల్లీగ్రాము మందు బరువును చెబుతుంది. మిల్లీలీటరు ఆ మందు కరిగి ఉన్న ద్రవం ఎంతో చెబుతుంది. ఎంత ద్రవంలో ఎంత మందు ఉందో తెలిపేది సీసా మీది లేబుల్. '5 మి.లీ.లో 250 మి.గ్రా.' అని చిన్న అక్షరాల్లో అచ్చయ్యే ఆ ఒక్క వరుసే మందు తాలూకు నిష్పత్తి. పిల్లవాడికి జ్వరం సిరప్ పోసే తల్లి మొదలు ఐసీయూలో పంపు నడిపే స్టాఫ్ నర్సు వరకు అందరి లెక్కా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ లెక్క పెద్దదేమీ కాదు. గుణకారం, భాగహారం వస్తే చాలు. అయితే మొదటి నిష్పత్తిని తప్పు చదివితే, ఆ తరువాత ఎంత జాగ్రత్తగా గుణించినా జవాబు తప్పే వస్తుంది. ఆ తప్పును అనుభవించేది రోగి శరీరం. ఔషధాల వాడకంలో జరిగే పొరపాట్లను తగ్గించడమే లక్ష్యంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంతర్జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ పొరపాట్ల వల్ల ప్రపంచానికి ఏటా సుమారు 4,200 కోట్ల డాలర్ల నష్టం వాటిల్లుతోందని అప్పుడు అంచనా వేసింది.

మూడు తెలిస్తే నాలుగోది

రెండు రాశులను పోల్చి చెబితే నిష్పత్తి. రెండు నిష్పత్తులు సమానమైతే అనుపాతం. అనుపాతంలో నాలుగు పదాలుంటాయి. అంత్యముల లబ్ధం మధ్యముల లబ్ధానికి సమానం కాబట్టి మూడు పదాలు తెలిస్తే నాలుగోది తేలిపోతుంది. భారతీయ గణితంలో ఇదే త్రైరాశికం. ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో ఈ సూత్రం చెప్పాడు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో దీన్ని విస్తరించాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో దీనికి పెద్దపీట వేశాడు.

త్రైరాశికంలోని మూడు రాశులు ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి, ప్రమాణంతో భాగిస్తే కావలసిన ఇచ్ఛాఫలం వస్తుంది. ప్రమాణం, ఇచ్ఛ రెండూ ఒకే జాతివై ఉండాలని, ఫలం వేరే జాతిదని లీలావతి స్పష్టం చేస్తుంది. నేటి నర్సింగ్ కళాశాలల్లో విద్యార్థులకు నేర్పేదీ ఇదే. కావలసిన మోతాదును లేబుల్ మీది మోతాదుతో భాగించి, ఆ మోతాదు ఉన్న పరిమాణంతో గుణించాలి. అంతకంటే ముందు యూనిట్లు సరిచూసుకోవాలి. చీటీలో గ్రాములుండి లేబుల్ మీద మిల్లీగ్రాములుంటే, రెంటినీ ఒకే యూనిట్‌లోకి మార్చాకే లెక్క మొదలుపెట్టాలి. ఒక గ్రాము 1,000 మిల్లీగ్రాములు. ఒక మిల్లీగ్రాము 1,000 మైక్రోగ్రాములు. ఈ మెట్టు మరిచిపోతే తప్పు ఏకంగా వెయ్యి రెట్లవుతుంది.

ఒక పిల్లవాడు, మూడు సీసాలు

పిల్లల జ్వరానికి వాడే పారాసెటమాల్ మోతాదు ఒక్కోసారికి, బరువులో కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. 12 కిలోల పిల్లవాడికి వైద్యులు కిలోకు 15 మి.గ్రా. చొప్పున రాశారనుకుంటే, 12ను 15తో గుణిస్తే 180 మి.గ్రా. ఇక్కడికి సగం లెక్క అయింది. మిగతా సగం సీసాను బట్టి ఉంటుంది.

సీసా మీద '5 మి.లీ.లో 250 మి.గ్రా.' అని ఉంటే ప్రమాణం 250, ఫలం 5, ఇచ్ఛ 180. ఐదును 180తో గుణించి 250తో భాగిస్తే 3.6 మి.లీ. అదే కంపెనీ అదే పేరుతో అమ్మే మరో సీసా మీద '5 మి.లీ.లో 120 మి.గ్రా.' అని ఉండొచ్చు. అప్పుడు 7.5 మి.లీ. పోయాలి. పసిపిల్లల డ్రాప్స్ సీసా మీద '1 మి.లీ.లో 100 మి.గ్రా.' ఉంటే 1.8 మి.లీ. చాలు. పిల్లవాడు ఒక్కడే, మందు ఒక్కటే, మోతాదూ ఒక్కటే. పోయాల్సిన ద్రవం మాత్రం మూడు రకాలు.

డ్రాప్స్ బుడ్డి చిన్నగా ఉంటుంది కాబట్టి అందులో మందు పలుచగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పసిబిడ్డ నోట్లో ఎక్కువ ద్రవం పోయలేరు కాబట్టే డ్రాప్స్‌ను చిక్కగా తయారుచేస్తారు. 120 సిరప్‌కు అలవాటుపడిన చెయ్యి అదే 7.5 మి.లీ.ను డ్రాప్స్ బుడ్డిలోంచి పోస్తే 750 మి.గ్రా. వెళుతుంది. అంటే కిలోకు 62.5 మి.గ్రా. రోజంతటికీ కలిపి ఇవ్వాల్సినంత మందు ఒక్కసారే పడుతుంది. అదే కొనసాగితే కాలేయం దెబ్బతింటుంది. అమెరికాలో పసిపిల్లల డ్రాప్స్‌కూ పిల్లల సిరప్‌కూ గాఢత వేరువేరుగా ఉండటంతో పొరపాట్లు జరిగేవి. అందుకే 2011లో అక్కడి తయారీదారులు పిల్లల ద్రవ పారాసెటమాల్‌కు ఒకే గాఢత ఉండేలా మార్చారు. మన మందుల షాపుల్లో ఇప్పటికీ వేర్వేరు గాఢతలు పక్కపక్కనే ఉంటాయి. అందుకే 'ఒక మూత సిరప్ పొయ్యండి' అన్న మాటకు అర్థం లేదు. ఏ సీసాలోంచో చెప్పకపోతే అది మోతాదే కాదు.

కొలిచే పరికరం కూడా లెక్కలో భాగమే. సీసాతో వచ్చే మూత మీద సాధారణంగా 2.5, 5, 7.5, 10 దగ్గర గీతలుంటాయి. అందులో 3.6 మి.లీ. చూపించే గీత ఉండదు. సూది లేని 5 మి.లీ. సిరంజి మీద 0.2 మి.లీ.కి ఒక గీత ఉంటుంది కాబట్టి 3.6 సరిగ్గా గీత మీదే పడుతుంది. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. వాటితో కొలిస్తే అంతవరకూ వేసిన లెక్కంతా వృథా.

నీళ్లు కలిపితే నిష్పత్తి మారుతుంది

పొడి రూపంలో వచ్చే యాంటీబయాటిక్ సిరప్‌లో నిష్పత్తిని పూర్తిచేసేది నీళ్లు కలిపే చెయ్యే. సీసా మీది గీత దాకా నీళ్లు పోసి, బాగా కుదిపి, నురగ తగ్గాక మట్టం దిగితే మళ్లీ గీత దాకా పోయాలి. 30 మి.లీ. సీసా అని 30 మి.లీ. నీళ్లు కొలిచి పోస్తే తప్పు. పొడి కూడా కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మొత్తం 30 దాటుతుంది, మందు పలుచబడుతుంది. పొడి ఇంజెక్షన్లకూ ఇదే వర్తిస్తుంది. అందుకే ఎంత నీరు కలిపితే మిల్లీలీటరుకు ఎంత మందు వస్తుందో వయల్‌తో వచ్చే కాగితంలో చూసుకోవాలి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో ఈ లెక్క మరింత కీలకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం 20.5 గ్రాముల పొడిలో ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. అదంతా సరిగ్గా లీటరు నీటికి. పేగులో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళుతూ నీటిని వెంట తీసుకెళ్లేది ఈ పాళ్లలోనే. లీటరు ప్యాకెట్‌ను 200 మి.లీ. గ్లాసులో కలిపితే ద్రావణం ఐదు రెట్లు చిక్కబడుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి, పసిపిల్లల రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. గ్లాసుకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి కాబట్టి, ఎంత నీటికి అన్నది ప్యాకెట్ చూసి తెలుసుకోవాల్సిందే. రోజుకు కొంచెం చొప్పున పెద్ద ప్యాకెట్ పొడిని విడదీసి కలపడం కూడా తగదు.

ఈ లెక్కను పరికరంలోనే పొందుపరిచిన మంచి ఏర్పాటు కూడా ఒకటుంది. పిల్లల టీకా కార్యక్రమంలో ఇచ్చే విటమిన్ ఎ ద్రావణంలో మిల్లీలీటరుకు లక్ష యూనిట్లు ఉంటాయి. దాంతో వచ్చే 2 మి.లీ. చెంచాలో సగం దగ్గర 1 మి.లీ. గుర్తు ఉంటుంది. తొమ్మిది నెలల బిడ్డకు లక్ష యూనిట్లంటే సగం చెంచా. ఆ తరువాత ప్రతి ఆరు నెలలకూ రెండు లక్షలంటే నిండు చెంచా. ఏఎన్‌ఎం ఏ కాగితమూ తీసి లెక్క కట్టనక్కర్లేదు. అయితే ఆ చెంచా బదులు మరో చెంచా వాడకూడదు.

గాఢత పెరిగితే పరిమాణం తగ్గాలి

బరువు పెరిగితే మోతాదు పెరుగుతుంది. ఇది అనులోమానుపాతం. మందు చిక్కబడితే పోయాల్సిన ద్రవం తగ్గుతుంది. ఇది విలోమానుపాతం, లీలావతి భాషలో వ్యస్త త్రైరాశికం. రెంటినీ తారుమారు చేస్తే ఏమవుతుందో ఇన్సులిన్ దగ్గర తెలుస్తుంది.

భారతదేశంలో వయల్‌లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్నులో వాడే కార్ట్రిడ్జ్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. సిరంజిలు కూడా రెండు రకాలు. 40 రకానికి ఎర్ర మూత, 100 రకానికి నారింజ రంగు మూత. సిరంజి మీది గీతలు యూనిట్లనే చూపిస్తాయి గానీ, ఆ అంకె నిజమయ్యేది దాని జోడీ ఇన్సులిన్‌తోనే. 40 రకం వయల్‌లోని మందును 100 రకం సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ. అందులో ఉండేది 8 యూనిట్లే. చక్కెర తగ్గదు. మందు పనిచేయడం లేదనుకుని మోతాదు పెంచేస్తారు. దీనికి ఎదురు పొరపాటు ఇంకా ప్రమాదం. 100 రకం ఇన్సులిన్‌ను 40 రకం సిరంజితో 20 గీత దాకా లాగితే 0.5 మి.లీ. అంటే 50 యూనిట్లు. కావలసిన దానికి రెండున్నర రెట్లు. రోగి రక్తంలో చక్కెర మరీ పడిపోయి (హైపోగ్లైసీమియా) స్పృహ తప్పే పరిస్థితి వస్తుంది. కొత్త సిరంజిలు కొన్న ప్రతిసారీ మూత రంగునూ, వయల్ మీది అంకెనూ జత చూసుకుంటే ఈ పొరపాటుకు చోటుండదు.

శాతాలు, '1:1000'లు

కొన్ని ఇంజెక్షన్ల మీద మిల్లీగ్రాములకు బదులు శాతం కనిపిస్తుంది. ద్రావణంలో 1 శాతం అంటే 100 మి.లీ.లో 1 గ్రాము, అంటే మిల్లీలీటరుకు 10 మి.గ్రా. శాతాన్ని పదితో గుణిస్తే మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాములో వచ్చేస్తుంది. 2 శాతం లిగ్నోకైన్‌లో మిల్లీలీటరుకు 20 మి.గ్రా., 25 శాతం డెక్స్‌ట్రోజ్‌లో 250 మి.గ్రా.

ప్రసూతి వార్డులో ఈ లెక్క ప్రాణాలు కాపాడుతుంది. గుర్రపువాతంగా పిలిచే ఎక్లాంప్సియాలో గర్భిణికి ఫిట్స్ వచ్చినప్పుడు ఇచ్చే మందు మెగ్నీషియం సల్ఫేట్. మన దగ్గర అది 50 శాతం ద్రావణంగా 2 మి.లీ. ఆంప్యూళ్లలో వస్తుంది. మిల్లీలీటరుకు 500 మి.గ్రా. చొప్పున ఒక ఆంప్యూల్‌లో సరిగ్గా 1 గ్రాము. ప్రిచర్డ్ పద్ధతిలో మొదట 4 గ్రాములు నరంలోకి నెమ్మదిగా, ఆ వెంటనే రెండు పిరుదుల్లో 5 గ్రాముల చొప్పున కండరంలోకి ఇస్తారు. 4 గ్రాములంటే 4 ఆంప్యూళ్లు, 8 మి.లీ. అంత గాఢమైన మందును నేరుగా నరంలోకి పంపకూడదు కాబట్టి 12 మి.లీ. సెలైన్ కలిపి 20 మి.లీ. చేస్తారు. పలుచన చేయకముందు 8 మి.లీ., 50 శాతం. చేశాక 20 మి.లీ., 20 శాతం. రెండు చోట్లా గుణిస్తే వచ్చేది 400. ద్రవం పెరిగినా అందులోని మందు మారలేదని ఆ సమానత చెబుతోంది. పలుచన చేసే ప్రతి లెక్కనూ ఇలా సరిచూసుకోవచ్చు.

అడ్రినలిన్ మీద కనిపించే 1:1000 మరో రకం రాత. 1,000 మి.లీ.లో 1 గ్రాము అని దానర్థం. అంటే మిల్లీలీటరుకు 1 మి.గ్రా. 1:10,000 అంటే మిల్లీలీటరుకు 0.1 మి.గ్రా. పెద్ద అంకె కనబడితే మందు ఎక్కువనిపిస్తుంది గానీ నిజం దానికి విరుద్ధం. తీవ్ర అలర్జీలో పెద్దవారికి తొడ కండరంలోకి ఇచ్చే 0.5 మి.గ్రా.కు 1:1000 ద్రావణమైతే 0.5 మి.లీ. చాలు. 1:10,000 అయితే 5 మి.లీ. కావాలి. క్షణాల మీద పని జరగాల్సిన వేళ ఈ మార్పిడి పదిరెట్ల తప్పులకు దారితీస్తోందని గమనించి, అమెరికాలో 2016 నుంచి ఇలాంటి ఇంజెక్షన్ల లేబుళ్ల మీద 1:1000 రాతను తొలగించి మి.లీ.కి మి.గ్రా.లోనే రాస్తున్నారు.

చుక్కల లెక్క

సెలైన్ ఎక్కించేటప్పుడు కాలం కూడా లెక్కలోకి వస్తుంది. మామూలు డ్రిప్ సెట్లలో ఎక్కువగా 20 చుక్కలకు 1 మి.లీ. పిల్లలకు వాడే మైక్రో సెట్‌లో 60 చుక్కలకు 1 మి.లీ. ఏ సెట్‌కు ఎన్ని చుక్కలో దాని కవరు మీదే ఉంటుంది. 500 మి.లీ. సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలంటే 500ను 20తో గుణిస్తే 10,000 చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి 42 చుక్కలు. గడియారం చూస్తూ 15 సెకన్లలో పది పదకొండు చుక్కలు పడేలా రోలర్ సరిచేస్తే సరిపోతుంది. మైక్రో సెట్‌లో పని ఇంకా సులువు. 60 చుక్కలు, 60 నిమిషాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంతో గంటకు 30 మి.లీ. అంటే నిమిషానికి 30 చుక్కలే.

ఐసీయూలో రక్తపోటు పడిపోయిన రోగికి ఇచ్చే డోపమైన్ లాంటి మందుల మోతాదు కిలోకు, నిమిషానికి ఇన్ని మైక్రోగ్రాములని ఉంటుంది. పంపుకు మాత్రం గంటకు ఎన్ని మిల్లీలీటర్లో చెప్పాలి. 60 కిలోల రోగికి కిలోకు నిమిషానికి 5 మైక్రోగ్రాములంటే నిమిషానికి 300 మైక్రోగ్రాములు. గంటకు 18,000 మైక్రోగ్రాములు, అంటే 18 మి.గ్రా. 200 మి.గ్రా. ఆంప్యూల్‌ను మొత్తం 50 మి.లీ. అయ్యేలా కలిపితే మిల్లీలీటరుకు 4 మి.గ్రా. పద్దెనిమిదిని నాలుగుతో భాగిస్తే గంటకు 4.5 మి.లీ. నాలుగు మెట్ల ఈ లెక్కలో ప్రతి మెట్టు దగ్గరా అంకె పక్కన యూనిట్ రాసుకుంటే, తప్పు ఎక్కడ జరిగినా అక్కడే దొరుకుతుంది.

అనుపాతం చెల్లని చోట్లు

పోయాల్సిన ద్రవానికి త్రైరాశికం ఎప్పుడూ చెల్లుతుంది. మోతాదుకు మాత్రం అన్నివేళలా చెల్లదు. పెద్దల మోతాదును వయసును బట్టో బరువును బట్టో తగ్గించి పిల్లలకు ఇచ్చే సూత్రాలు ఒకప్పుడు వాడుకలో ఉండేవి. వయసును, వయసుకు 12 కలిపితే వచ్చే సంఖ్యతో భాగించే యంగ్ సూత్రం అలాంటిదే. దాని ప్రకారం నాలుగేళ్ల బిడ్డకు పెద్దల మోతాదులో పావు వంతు. ఆ బిడ్డ బరువెంతో, కాలేయం, మూత్రపిండాలు ఎంత ఎదిగాయో ఆ సూత్రానికి పట్టదు. 1950ల్లో నవజాత శిశువులకు క్లోరాంఫెనికాల్ ఇచ్చినప్పుడు కొందరు నీరసించి, బూడిద రంగుకు మారి చనిపోయారు. ఆ మందును విసర్జనకు అనువుగా మార్చే శక్తి అప్పుడే పుట్టిన బిడ్డ కాలేయానికి ఇంకా రాకపోవడమే కారణమని తరువాత తేలింది. పసిబిడ్డ అంటే చిన్న సైజు పెద్దమనిషి కాదని వైద్యలోకానికి గట్టిగా చెప్పిన ఉదంతమది.

1962లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో టస్కో అనే ఏనుగు మీద భ్రాంతి కలిగించే ఎల్‌ఎస్‌డీతో ప్రయోగం చేసి, 297 మి.గ్రా. ఇచ్చారు. చిన్న జంతువుల మోతాదును బరువు లెక్కన హెచ్చించారు. ఏనుగు రెండు గంటలు తిరక్కుండానే చనిపోయింది. జీవక్రియ వేగం బరువుతో సమంగా పెరగదని, సుమారు బరువు ముప్పావు ఘాతం చొప్పున పెరుగుతుందని మాక్స్ క్లైబర్ 1930ల్లోనే చూపించాడు. అంటే బరువు 16 రెట్లు పెరిగితే జీవక్రియ 8 రెట్లే పెరుగుతుంది. క్యాన్సర్ మందుల్లో చాలావాటిని బరువు బదులు శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి లెక్కగట్టడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయి. సెంటీమీటర్లలో ఎత్తును, కిలోల్లో బరువును గుణించి, 3,600తో భాగించి వర్గమూలం తీయమనే మోస్టెల్లర్ సూత్రం 1987 నాటిది.

ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్‌ది ఇంకో తీరు. దాన్ని విరిచే ఎంజైములు ఒక స్థాయి దాటాక తట్టుకోలేవు. మోతాదు మూడో వంతు పెంచితే రక్తంలో మందు రెట్టింపు దాటిపోవచ్చు. బరువును బట్టి కట్టే మోతాదులకు పై హద్దు కూడా ఉంటుంది. కిలోకు 15 మి.గ్రా. లెక్కన 80 కిలోల మనిషికి పారాసెటమాల్ 1,200 మి.గ్రా. అని తేలినా, ఒక్కసారికి 1 గ్రాము మించకూడదు. అందుకే మోతాదు ఎంతన్నది వైద్యుల నిర్ణయం. ఆ మోతాదుకు ఎంత ద్రవమన్నదే లెక్కతో తేల్చేది.

సున్నాలు, సరిచూపులు

లెక్క సరిగ్గా వచ్చినా రాత తప్పితే ముప్పే. '.5' అని రాస్తే చుక్క కనబడక 5 అవుతుంది. '5.0' అని రాస్తే 50 అవుతుంది. కాబట్టి దశాంశం ముందు సున్నా తప్పక పెట్టాలి, పూర్ణాంకం తరువాత చుక్క, సున్నా పెట్టకూడదు. యూనిట్ అన్న మాటను ఇంగ్లిష్ 'యు' అక్షరంతో కుదించి రాస్తే అది సున్నాలా కనబడి పది యూనిట్లు వందవుతాయి. మైక్రోగ్రాము, యూనిట్ అన్న మాటలను పూర్తిగా రాయడమే క్షేమం. 2007లో హాలీవుడ్ నటుడు డెన్నిస్ క్వెయిడ్ నవజాత కవలలకు మిల్లీలీటరుకు 10 యూనిట్ల హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) ఇవ్వాల్సిన చోట 10,000 యూనిట్లది ఇచ్చారు. అదృష్టవశాత్తు పిల్లలిద్దరూ బతికారు. పరిమాణం కొలవడంలో అక్కడ ఏ తప్పూ లేదు. వయల్ మీది నిష్పత్తే వేరు.

ఇలాంటి తప్పులను ఆపేది మూడు అలవాట్లు. మొదటిది, లెక్కకు ముందు అంచనా. 5 మి.లీ.లో 250 ఉంటే 180కి ఐదు కంటే తక్కువే రావాలి. ఆరో ఏడో వస్తే తలకిందులుగా భాగించినట్టే. రెండోది, వింత జవాబు దగ్గర ఆగడం. ఒక మోతాదుకు గుప్పెడు మాత్రలో, అయిదారు వయళ్లో కావాలని తేలితే, చీటీనీ లేబుల్‌నూ మళ్లీ చూడాలి. మెగ్నీషియం సల్ఫేట్‌లా నిజంగానే అన్ని ఆంప్యూళ్లు అవసరమయ్యే మందులు కొన్ని ఉన్నాయి. అవి ఏవో ముందే తెలిసుండాలి. మూడోది, ఇద్దరి సరిచూపు. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్, మార్ఫిన్ లాంటి మందులకు రెండో నర్సు మొదటి ఆమె జవాబు చూడకుండా సొంతంగా లెక్క కట్టాలి. జవాబు చూసి తలూపితే అది సరిచూపు కాదు.

ఇంటికి వెళ్లే చీటీలో కూడా ఈ క్రమశిక్షణ కనిపించాలి. మందు పేరు, మిల్లీగ్రాముల్లో మోతాదు, సీసా గాఢత, మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకోసారి అన్న అయిదు వివరాలూ ఉండాలి. 'పారాసెటమాల్ 180 మి.గ్రా., 5 మి.లీ.లో 250 మి.గ్రా. సిరప్, 3.6 మి.లీ., ఆరు గంటలకోసారి, జ్వరం ఉంటేనే' అని రాస్తే, షాపులో వేరే గాఢత సీసా ఇచ్చినా తేడా వెంటనే బయటపడుతుంది. చీటీలో మిల్లీగ్రాములు లేకపోతే డాక్టరును అడగాలి. సీసా మారితే 'ఇప్పుడు ఎన్ని మి.లీ. పొయ్యాలి' అని ఫార్మసిస్టును అడగాలి. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికాకే మూత తీయాలి.